జిల్లా వైద్యాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మూడు అర్జీలకు జవాబు రానందున నలుగురి ముందు రాస్తున్నాను. మా ఏజెన్సీ ఆస్పత్రిలో స్కానింగ్ యంత్రం ఉంది, చూసి చెప్పే రేడియాలజిస్టు లేరు. గర్భస్థ శిశువు అవయవ లోపాలను గుర్తించే టిఫా స్కాన్ 18–22 వారాల మధ్య జరగాలి. అందుకోసం నా కోడలు వరంగల్ బస్సులో ముందు సీటు కడ్డీ పట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా పొట్టకు చెయ్యి అడ్డుపెట్టుకుంటూ వెళ్లింది. అక్కడ మర్నాడు రమ్మన్నారు. రెండు రోజుల కూలి పోయింది.

శిక్షణ పొందిన డాక్టరు ఇక్కడే స్కాన్ చేసి, చిత్రాలు, వీడియో వరంగల్ రేడియాలజిస్టుకు ఇంటర్నెట్‌లో పంపితే నివేదిక అదే రోజు అందుతుంది. లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం నిబంధనల్లో మాత్రం రాజీ వద్దు.

ఈ ఏర్పాటు ఎప్పుడు మొదలవుతుందో ఈ నెలాఖరులోగా లిఖితపూర్వకంగా తెలపండి. మా పక్కింటి అమ్మాయికి ఇప్పుడు 16వ వారం.

ఇట్లు,
ఒక గర్భిణి అత్త