వార్షిక నివేదిక: ఒకే నవలతో గడిచిన ఏడాది

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఏటా ఈ నివేదికలో నెలకో పుస్తకం చొప్పున జాబితా ఇవ్వడం మన పాఠక సంఘం ఆనవాయితీ. ఈసారి జాబితా చిన్నది. పెరూ రచయిత మారియో వర్గాస్ యోసా నవల 'ద వార్ ఆఫ్ ది ఎండ్ ఆఫ్ ది వరల్డ్' ఒక్కదానికే ఏడు సమావేశాలు పట్టాయి. రెండింటిలో ముగుస్తుందన్న కార్యవర్గం అంచనా తప్పింది.

1981లో స్పానిష్‌లో వెలువడిన ఈ నవలకు 1984లో హెలెన్ లేన్ చేసిన ఆంగ్లానువాదాన్ని మనం చదివాం. ఇంగ్లీషు చదవడం కష్టమయ్యే పెద్దల కోసం ఇద్దరు సభ్యులు ప్రతి సమావేశానికి ముందు ఆ భాగం కథను తెలుగులో చెప్పారు. చదివి వచ్చినవారి వ్యాఖ్యల కన్నా అలా విన్నవారి ప్రశ్నలే చర్చను ముందుకు నడిపాయని ఇక్కడ నమోదు చేయడం నా బాధ్యత.

ఈశాన్య బ్రెజిల్‌లోని కనూదోస్ అనే ఊరి తిరుగుబాటు, దాని అణచివేత ఈ నవలకు ఆధారమైన చరిత్ర. బ్రెజిల్‌లో 1888 మే 13న బానిసత్వం రద్దయింది. మరుసటి ఏడాది నవంబరు 15న సైన్యం చక్రవర్తి రెండో పెద్రోను గద్దె దించి గణతంత్రాన్ని ప్రకటించింది. కొత్త ప్రభుత్వం మతాన్ని రాజ్యం నుంచి వేరు చేసింది, పెళ్లిని చర్చి చేతిలోంచి తీసి ప్రభుత్వ రిజిస్టరులోకి మార్చింది. 1877 నుంచి 1879 దాకా సాగిన మహా కరువును కళ్లారా చూసిన ఈశాన్యపు మెట్ట ప్రాంతాల్లో, పాడుపడిన చర్చిలనూ శ్మశానాల గోడలనూ బాగుచేయిస్తూ కాలినడకన తిరిగిన మతబోధకుడు ఆంటోనియో కొన్సెల్యేరో ఈ మార్పులన్నిటిలో క్రీస్తు విరోధి చేతిని చూశాడు. 1893లో పన్ను ఉత్తర్వుల పలకలను అతని మనుషులు తగలబెట్టారు. ఆ తర్వాత అతను అనుచరులతో వాజా-బారిస్ నది ఒడ్డున కనూదోస్‌లో స్థిరపడ్డాడు.

మూడో సమావేశమంతా జనాభా లెక్కల మీదే నడిచింది. లెక్కల్లో ఒంటి రంగు అడిగేది తమకు మళ్లీ సంకెళ్లు వేయడానికేనని విముక్తులైన బానిసలు నవలలో భయపడతారు. అది వట్టి అజ్ఞానమని మొదట పలువురు అన్నారు. అప్పుడు, గతంలో జనగణన విధులు చేసిన ఒక సభ్యురాలు, కులం అడిగినప్పుడు కొన్ని గడపల దగ్గర జవాబుకు ముందు వచ్చే మౌనాన్ని గుర్తుచేసుకున్నారు. ఆ తర్వాత అజ్ఞానమన్న మాట మన చర్చల్లో మళ్లీ వినబడలేదు. 1578లో మొరాకో యుద్ధంలో మరణించిన పోర్చుగీసు రాజు సెబాస్టియన్ సైన్యంతో తిరిగి వస్తాడని కనూదోస్ జనం నమ్మారని చెప్పినప్పుడు కూడా ఎవరికీ వింతగా తోచలేదు. వీరభోగ వసంతరాయలు వస్తాడన్న కాలజ్ఞానం వింటూ పెరిగినవాళ్లం కదా.

కొత్త చర్చికి డబ్బు కట్టి కొన్న కలప జువాజేరో పట్టణం నుంచి రాకపోవడంతో 1896లో మొదలైన గొడవ, రాజరిక కుట్రగా పత్రికల్లోకెక్కింది. కనూదోస్ మీదికి ప్రభుత్వం పంపిన మూడు దండయాత్రలు విఫలమయ్యాయి. మూడోదానికి నాయకత్వం వహించిన కర్నల్ మొరేరా సెజార్ 1897 మార్చిలో అక్కడే చనిపోయాడు. నాలుగో దండయాత్ర అక్టోబరు 5న ఊరిని నేలమట్టం చేసింది. కొన్సెల్యేరో అంతకు రెండు వారాల ముందే మరణించినా, సైనికులు శవాన్ని తవ్వి తీసి, తల కోసి శాస్త్రపరీక్షకు పంపారు. ఆ భాగం చెబుతున్న సభ్యుడు కాసేపు ఆగిపోయారు. మేమూ ఆగాం.

తిరుగుబాటుకు మూలం మతమా, ఆకలా అన్న వాదన చివరి సమావేశం దాకా తేలలేదు, తేల్చడానికి కార్యవర్గం ప్రయత్నించనూ లేదు. ఈ రెంటినీ విడదీయాలన్న పట్టుదల ఆ ఊరివాళ్లది కాదనీ, చదివే మనదేననీ నా అభిప్రాయం. కొత్త పాలకులు వాళ్లను రాజరికపు కుట్రదారులుగా, వాళ్లు పాలకులను సైతాను సేవకులుగా చూశారు; ఒకరి మాట ఒకరికి అనువదించగల మనిషి మధ్యలో లేడు. ఆ పని చేయగలిగి ఉండాల్సిన, నవలలోని పత్రికా విలేఖరి కళ్లద్దాలు మూడో దండయాత్ర చెదిరిపోయినప్పుడు పగిలిపోతాయి. ముట్టడి నడుమ చిక్కుకుని, మసక నీడలు తప్ప ఏమీ కానరాకుండానే అతను యుద్ధం మొత్తం గడుపుతాడు. చూపున్న విలేఖరులు మాత్రం తాము వెతుక్కుంటూ వచ్చినదాన్నే చూశారని అతను తర్వాత తెలుసుకుంటాడు. నవలలో నన్ను వదలని పాత్ర ఇదే, ఏడు సమావేశాలు పట్టడానికీ చాలావరకు ఇదే కారణం.

ఆదాయ వ్యయాల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

యోసా తన నవలను అంకితమిచ్చిన వారిలో యూక్లిడెస్ దా కున్యా ఒకరు. ఆయన ఆ యుద్ధానికి పత్రికా విలేఖరిగా వెళ్లి, 1902లో దాని గురించి 'ఉస్ సెర్తోయ్‌న్స్' అనే పుస్తకం ప్రచురించారు. అయిదు వేల మంది సైనికుల ఎదుట చివరికి నలుగురే మిగిలారని, వారిలో ఒకడు ముసలివాడు, ఒకడు పిల్లవాడని అందులో రాశారు. వచ్చే ఏడాది ఆ పుస్తకంతోనే మొదలుపెట్టాలని చివరి సమావేశంలో సభ్యులందరూ కోరారు. సంఘానికి చెందిన నవల ప్రతులు ఇంకా దగ్గర ఉన్నవారు, అంచుల్లో రాసుకున్న రాతలను చెరపకుండానే, తదుపరి సమావేశానికి తీసుకురావలసిందిగా మనవి.

కార్యదర్శి