ఆపరేషన్ బల్ల మీదే రేడియేషన్

సంపాదకునికి,

మా వదినకు రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీశాక, రేడియేషన్ కోసం మూడు వారాలు హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకున్నాం. మెషీన్ కింద పట్టుమని పది నిమిషాలు ఉండదు, క్యూలో పూటంతా. రేడియేషన్ గురి కోసం ఛాతీ మీద గీసిన గీతలు చెరిగిపోతాయన్న టెన్షన్‌తో ఆమె ఆ పక్క నీళ్లే పోసుకోలేదు. ఇక్కడ మిరప తోటేమో కోతకొచ్చింది.

గడ్డ తీసిన గుంతలోనే చిన్న గోళంలాంటి పరికరం పెట్టి, కుట్లు వేయకముందే అరగంటలో రేడియేషన్ ఇచ్చే పద్ధతి లండన్‌లో 1998లోనే మొదలైంది. 2,298 మంది మహిళలతో జరిపిన టార్గిట్-ఎ అధ్యయనం దీన్నే పరీక్షించింది. తొలిదశలో, చిన్న గడ్డ ఉన్నవారిలో కొందరికే ఇది సరిపోతుంది. తీసిన గడ్డను పరీక్షించాక వచ్చే రిపోర్టులో తేడా వస్తే మామూలు రేడియేషన్ కూడా తప్పదు. సరే, మా వదినకు పనికొచ్చేదో కాదో! ఆపరేషన్‌కు ముందు ఆ మాటైనా ఎవరూ ఎత్తలేదు.

— ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా