కళాశాల బాస్కెట్‌బాల్ ప్రోత్సాహక సంఘం: వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. ఈ సీజన్‌లో మన జట్టుకు కొత్త ప్రధాన కోచ్ వచ్చారు. మ్యాచ్‌ల ఫలితాల పట్టిక అనుబంధంలో ఉంది. అందరూ ముందు తిప్పేది ఆ పేజీనేనని తెలుసు. కానీ ఆ పట్టికకు ఎక్కని పని ఈ ఏడాది చాలా జరిగింది. కనీసం ఈ నివేదికలోనైనా అది ఉండాలి.

మనం గర్వంగా చెప్పుకోవాల్సింది కోర్టు గీతలు తిరిగి వేయించడం. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల్లో 2010 నుంచి త్రీ పాయింట్ గీత, అంటే దాని బయట నుంచి వేస్తే మూడు పాయింట్లు వచ్చే గీత, 6.25 మీటర్ల నుంచి 6.75 మీటర్లకు జరిగింది. రింగు ముందు ట్రపీజియం ఆకారంలో ఉండే భాగం దీర్ఘచతురస్రమైంది. మన కోర్టు మీద మాత్రం పాత గీతలే మిగిలిపోయాయి. ఇక్కడ అర మీటరు తక్కువ దూరం నుంచి సాధన చేసిన కుర్రాళ్లు బయటి కోర్టులో షాట్ వేస్తే బంతి రింగు ముందు అంచుకు తగిలి తిరిగొచ్చేది. తిట్లు కుర్రాళ్లు తిన్నారు, తప్పు గీతలది. కొత్త కోచ్ గారు సాధన మొదలుపెట్టక ముందే టేపు పట్టుకుని కోర్టులోకి దిగారు.

మళ్లీ ఎప్పుడైనా గీతలు వేయించాల్సి వస్తే పనికొస్తుందని పద్ధతి కూడా రాస్తున్నాను. ముందు 28 × 15 మీటర్ల చట్రం వేయాలి, కొలత గీతల లోపలి అంచు నుంచి. ఎదురెదురు మూలల మధ్య దూరం రెండు వైపులా 31.76 మీటర్లు రావాలి. రాలేదంటే చట్రం ఒక పక్కకు ఒరిగినట్టే, ఆపైన వేసే గీతలన్నీ తప్పుతాయి. తర్వాత రింగు నడిమధ్య నుంచి దారానికి గుండు కట్టి వదిలితే అది ఎండ్ లైన్‌కు (రింగు వెనక ఉండే కోర్టు చివరి గీతకు) 1.575 మీటర్ల దూరంలో నేలను తాకాలి. ఆ బిందువే త్రీ పాయింట్ గీత వంపుకి కేంద్రం. వంపు గీయడానికి నైలాన్ తాడు వాడకూడదు, లాగినకొద్దీ సాగుతుంది. ఉక్కు తీగే మేలు. 6.75 అన్నది గీత బయటి అంచు కొలత. గీత వెడల్పు 5 సెంటీమీటర్లు కాబట్టి లోపలి అంచు 6.70 దగ్గర పడుతుంది.

వేసేవాళ్లు తడబడేది మూలల్లోనే. అక్కడ వంపు ఉండదు. పక్క గీతకు 90 సెంటీమీటర్ల దూరంలో తిన్నటి గీత వస్తుంది, ఎండ్ లైన్ నుంచి 2.99 మీటర్ల దగ్గర వంపులో కలుస్తుంది. వంపునే చివరిదాకా లాగేస్తే షూటర్ నిలబడే చోటు రింగుకు సరిగ్గా పక్కన ఉన్న దగ్గర 75 సెంటీమీటర్లకు తగ్గిపోతుంది, కాలు బయటపడుతుంది. రంగు కూడా మందంగా ఒక్కసారే పూయొద్దు, పలచగా రెండు పూతలు చాలు. మందపు పూత పెచ్చులూడుతుంది, బూటు జారుతుంది.

మూలల మీద ఇంత పట్టుదల ఎందుకంటే కొత్త ఆటతీరంతా వాటి మీదే నడిచింది. మూలన నిలబడ్డ ఆటగాడు బంతి కోసం ఒక్క మీటరు లోపలికి జరిగినా, ప్రత్యర్థి డిఫెండర్ ఒక్కడే అతన్నీ, లోపలున్న మన ఇంకో ఆటగాణ్నీ కాచేస్తాడు. కదలకుండా ఉండటం కూడా పనేనని కుర్రాళ్లకు ఎక్కడానికి సగం సీజన్ పట్టింది. డిఫెన్స్‌లో రెండు-మూడు జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు తమ తమ చోట్లను కాచే పద్ధతి) వదిలేసి మ్యాన్ టు మ్యాన్‌కు (ఒక్కొక్కరు ఒక్కో ప్రత్యర్థిని కాచే పద్ధతికి) మారాం. మొదట్లో ఫౌళ్లు పెరిగాయి. షూటర్ మీదికి పరుగెత్తి ఆగలేక గుద్దుకునేవాళ్లు. చివరి రెండు మూడు అడుగులు చిన్నవి చేసి, చెయ్యి పైకెత్తి ఆగడం రోజూ చేయించాక తగ్గాయి. ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు బదులుగా ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు) సాధన మొదట్లో కాకుండా పరుగుల తర్వాత, ఆయాసంలో వేయించారు. ఒక క్వార్టర్‌లో జట్టు ఫౌళ్లు నాలుగు దాటాక డిఫెన్స్ ఫౌల్‌కల్లా రెండు ఫ్రీ త్రోలు వస్తాయి, ఆ సమయానికి కాళ్లలో సత్తువ ఉండదు మరి.

ఇక చెప్పక తప్పని మాట. స్కోరర్ బల్ల దగ్గర నలుగురు కావాలి: స్కోరర్, సహాయ స్కోరర్, టైమర్, షాట్ క్లాక్ చూసేవారు. పేర్లిచ్చిన వారిలో వచ్చింది కొందరే, వచ్చినవారే మళ్లీ మళ్లీ వచ్చారు. షాట్ క్లాక్ అంటే జట్టు షాట్ వేయడానికి మిగిలిన సెకన్లు చూపే గడియారం, దాని పని బటన్ నొక్కడమే అనుకోవద్దు. బంతి రింగుకు తగిలి దాడి చేస్తున్న జట్టుకే దొరికితే దాన్ని 14 సెకన్లకు, అవతలి జట్టుకు దొరికితే 24కు మార్చాలి. బోర్డుకు మాత్రమే తగిలితే మార్చకూడదు. డిఫెండర్ వేలు తగిలినంత మాత్రాన కూడా మార్చకూడదు. ఆ చివరిదానికే మన బల్ల మీద ఎక్కువ గొడవలు జరిగాయి. స్కోర్ షీట్‌లో మొదటి, మూడో క్వార్టర్లకు ఎర్ర పెన్ను, మిగతా రెంటికీ నీలం లేదా నలుపు. పెన్ను కూడా తీసుకురాని స్వచ్ఛంద సేవకుడి గురించి ఏం రాయమంటారు?

తూర్పు వైపు రింగు పిల్లలు వేలాడటంతో ముందుకు వాలింది. వెనక 3.05 మీటర్లు ఉన్న ఎత్తు ముందు అంచు దగ్గర లేదు. సంబంధిత అధికారికి లేఖలిచ్చాం, రసీదులు భద్రంగా ఉన్నాయి, రింగు అలాగే ఉంది.

జమాఖర్చుల పత్రం జతచేశాం. ఆడిటర్ చూశారు, కోశాధికారి సంతకం ఉంది. సందేహాలుంటే వారినే అడగగలరు.

గీతల పనికి ఎండలో టేపు పట్టిన పూర్వ విద్యార్థులకు, రంగు వేసిన కార్మికులకు, చీలమండలకు టేపు చుట్టడం నేర్పిన ఫిజియోథెరపిస్టుకు, వ్యాయామ విభాగం వారికి, ప్రతి మ్యాచ్‌కీ మంచినీళ్లు మోసిన సభ్యులకు, కోచ్ గారికి, ఆటగాళ్లకు, వారి తల్లిదండ్రులకు కార్యవర్గం తరఫున ధన్యవాదాలు.

వచ్చే సీజన్‌లో బల్ల దగ్గర పనిచేసేవారి జాబితా సమావేశం గుమ్మం దగ్గరే పెడుతున్నాం. రాగలిగినవారే పేరు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి