పొద్దున పూట పట్టుకుని చూడు

అమ్మా,

నా చెయ్యి బాగానే ఉంది. చెల్లి నోట్లో నువ్వుగింజ నానదు కదా, నీకు చెప్పేసే ఉంటుంది. కాలింది రెండు వేళ్లే, అదీ పైపైన. ఈ ఉత్తరం ఆ చేత్తోనే రాస్తున్నాను, అక్షరాలు చూసుకో.

నాన్న 'పరధ్యానం' అన్నారట. ఒప్పుకోను. ఈ ఇంట్లో కరెంటు పొయ్యికి ముందు రెండు, వెనక రెండు ప్లేట్లు. నాబ్‌లు మాత్రం నాలుగూ ఒకే వరసలో. ఏది దేనిదో పక్కనున్న చిన్న చిన్న చుక్కలు చూసి పోల్చుకోవాలి. ముందుది తిప్పాననుకున్నాను, వెనకది వేడెక్కింది. చల్లగా ఉందనుకుని దాని మీదే చెయ్యి ఆనించాను. నాబ్‌లు కూడా ముందు రెండు, వెనక రెండుగా పెట్టి ఉంటే చుక్కలతో పనే లేదు, చెయ్యి దానంతట అదే వెళ్తుంది. ఆరు నెలలైనా నాకింకా తికమకే. ఇందులో నా తప్పేముంది చెప్పు?

ఆఫీసు మామూలే.

నీకో పార్సిల్ పంపాను. అందులో ఉన్నది కూరగాయల చెక్కు తీసే పీలర్. 'నాకు కత్తిపీట చాలు' అంటావని తెలుసు. పొద్దున పూట నీ వేళ్లు బిగుసుకుపోయి పిడికిలి పడటం లేదని నువ్వు చెప్పలేదు, చెల్లే చెప్పింది. (ఆ నోరు ఒక్కోసారి మంచికే.) దీని పిడి చూడు, బొటనవేలంత లావు, మెత్తటి నల్ల రబ్బరు. వేళ్లు ఆనేచోట రెండు పక్కలా సన్నటి రెక్కల్లాంటి గీతలున్నాయి, నొక్కితే లోపలికి వంగుతాయి. సైకిల్ హ్యాండిల్ పిడి చూసి వచ్చిన ఆలోచనట. తడిచేత్తో పట్టుకున్నా జారదు.

అమెరికాలో శామ్ ఫార్బర్ అని, వంటసామాన్ల వ్యాపారం చేసి రిటైరైన ఆయన ఉండేవాడు. భార్య బెట్సీకి కీళ్లవాతం. సన్నటి ఇనుప పిడి పట్టుకోలేక ఆవిడ అవస్థపడటం చూసి, 1990లో ఆక్సో పేరుతో ఇలాంటివి 15 రకాల పనిముట్లు తెచ్చాడు. ఇప్పుడు కీళ్లనొప్పులు లేనివాళ్లూ ఇవే కొంటున్నారు. కాబట్టి ఇది ముసలివాళ్ల వస్తువని మొహం ముడుచుకోకు, బీరువాలో దాచకు.

ఒంటరిగా ఉంటున్నానని బెంగ పెట్టుకున్నావట. ఉంటుందమ్మా, ఎందుకుండదు. కొన్ని ఆదివారాలు ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండానే గడిచిపోతాయి. మొన్న అలాంటి రోజే తలస్నానం చేస్తూ, కళ్లల్లో నురగతో షాంపూ కోసం తడుముకుంటుంటే సీసా పక్కన వరసగా గీతలు తగిలాయి. పక్కనే ఉన్న కండిషనర్ సీసా నున్నగా ఉంది. కళ్లు తెరవకుండానే ఏది ఏ సీసానో తెలిసిపోయింది. నవ్వొచ్చింది. నేనిలా కళ్లు మూసుకుని తడుముకుంటానని ఎవరో ముందే అనుకున్నారన్నమాట! తర్వాత వెతికితే తెలిసింది, జపాన్‌లో కావో అనే కంపెనీ చూపులేని వాళ్ల కోసం ఇలా గీతలు పెట్టడం 1991లో మొదలుపెట్టిందట. హక్కు తమ దగ్గరే అట్టిపెట్టుకోకుండా వేరే కంపెనీలనూ వాడుకోనిచ్చారు. ఆ పూటంతా నాకు ఎవరో పలకరించి వెళ్లినట్టే ఉంది. నవ్వితే నవ్వు.

నాన్న కళ్లకు మబ్బుగా ఉందంటూనే ఆపరేషన్ వాయిదా వేస్తున్నారట, గట్టిగా చెప్పు. ఈలోగా టీవీ రిమోట్ మీద 5 అంకెను వేలితో తడిమి చూడమను. చాలా రిమోట్లకు అక్కడ చిన్న బొడిపె ఉంటుంది. అది దొరికితే పైన 2, కింద 8, కళ్లజోడు వెతుక్కోనక్కర్లేదు. నేను చెప్పానని చెప్పకు. తనే కనిపెట్టాననుకుంటే ఇంకా సంతోషిస్తారు.

పీలర్ అందాక ఎలా ఉందో రాయి. పొద్దున లేవగానే పట్టుకుని చూసి రాయి. సాయంత్రం అడిగితే నీకు అన్నీ బాగానే ఉంటాయి.

నీ
చిన్ని