పిల్లల కొత్త పుస్తకాల కబురు ఇళ్లకు చేరేదెలా?

సంపాదకులకు నమస్కారం.

తెలుగులో పిల్లల పుస్తకాలు రావడం లేదన్న మాట తరచూ వినిపిస్తోంది. నేను ఒప్పుకోను. సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ ఏళ్ల తరబడి బొమ్మల కథలు అచ్చువేస్తోంది. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాతో కలిసి పోటీలు పెట్టి కొత్త రచయితలను, చిత్రకారులను ముందుకు తెస్తోంది. ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్ట్, చెన్నైలోని తూలిక కూడా తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తున్నాయి. వంద రూపాయల లోపు దొరికేవి బోలెడు. కొరత ఎక్కడంటే, ఫలానా పుస్తకం వచ్చింది, ఫలానా వయసు పిల్లలకు చదివి వినిపించవచ్చు అని అమ్మానాన్నలకు చెప్పేవాళ్లు లేరు.

మా తరానికి ఈ వెతుకులాట తెలియదు. 1947 జులైలో మొదలైన చందమామ నెలనెలా వచ్చేది. దాన్ని తీర్చిదిద్దిన చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరూ మా తెనాలి వాళ్లే. పిల్లలకు ఏ కథ ఇవ్వాలో వాళ్లే ఎంచి పంపేవారు, మేం ఎదురుచూస్తే సరిపోయేది. ఆ పత్రిక ఆగిపోయి పదేళ్లు దాటింది. ఇప్పుడు పుస్తకాలు ఎక్కడికక్కడ విడివిడిగా వస్తున్నాయి కాబట్టి ఆ ఎంపిక పని ఇంట్లోవాళ్ల మీద పడింది. పుస్తకాల షాపుకు వెళ్తే పోటీ పరీక్షల గైడ్లే ముందుంటాయి. డిసెంబరులో హైదరాబాదులో, జనవరిలో విజయవాడలో పుస్తకాల పండగలు జరుగుతాయి గానీ అక్కడిదాకా వెళ్లగలిగేవాళ్లు ఎందరు?

మా మనవరాలు ఇంగ్లీషు మీడియంలో చదువుతోంది. తెలుగులో వొత్తు వచ్చిన చోటల్లా ఆగిపోతుంది. అదే నేను చదివి వినిపిస్తే ఎంత పెద్ద కథైనా చెవులప్పగించి వింటుంది. నేను అక్షరాల వెంట పోతుంటే తను బొమ్మలో మూలన నక్కిన పిల్లిని పట్టుకుని, "అమ్మమ్మా ఆగు, అప్పుడే పేజీ తిప్పకు" అంటుంది. పిల్లలు సొంతంగా చదువుకునే పుస్తకం వేరు, పెద్దవాళ్లు పక్కన కూర్చోబెట్టుకుని చదివే పుస్తకం వేరు. ప్రథమ్ బుక్స్ వాళ్లు తమ పుస్తకాల మీద ఒకటి నుంచి నాలుగు వరకు స్థాయి వేస్తారు, అది కొంత ఆసరా. 2015లో వాళ్లు మొదలుపెట్టిన వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, ప్రింటు కూడా తీసుకోవచ్చు. కానీ ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు నాకు తెలిసినవాళ్లలో చాలా తక్కువ.

అందుకే మీ పత్రికకు ఒక విన్నపం. ప్రతి శుక్రవారం విడుదలయ్యే సినిమాలకు అంత చోటు ఇస్తున్నారు. ఆదివారం అనుబంధంలో వారానికి ఒక్క పిల్లల పుస్తకాన్ని పరిచయం చేయండి. పేరు, వెల వేసి ఊరుకుంటే చాలదు. పిల్లలకు చదివి వినిపించినవాళ్ల చేత రాయించండి. పేజీకి ఎన్ని వాక్యాలున్నాయి, ఒక్క రాత్రికి అయిపోతుందా, పిల్లలు ఎక్కడ నవ్వారు, ఎక్కడ విసుగుపడ్డారు అన్నవి కావాలి. బాగాలేకపోతే ఆ మాటా రాయాలి. ఎక్కడ దొరుకుతుందో తప్పక చెప్పాలి.

రెండో విన్నపం జిల్లా గ్రంథాలయ సంస్థలకు. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. స్థానిక సంస్థలు ఆ డబ్బు సకాలంలో జమ చేయడం లేదన్న వార్తలూ చదువుతున్నాం. వచ్చిన దాంట్లోనైనా కొత్త పిల్లల పుస్తకాలకు ఏటా కొంత కేటాయించాలి. కొన్నవి పిల్లల కంటికి ఆనాలి. బొమ్మల పుస్తకాలు పదహారో ఇరవై నాలుగో పేజీలుంటాయి, మధ్యలో పిన్నులు కొట్టి ఉంటాయి. వెన్ను లేదు కాబట్టి దాని మీద పేరూ ఉండదు. బీరువాలో లావుపాటి పుస్తకాల మధ్య నిలబెడితే అవి ఉన్నట్టే తెలియదు. నేను చూసిన ఒక గ్రంథాలయంలో అలాంటివి దొంతరగా పేర్చి తాళం వేసి ఉన్నాయి. చాలా పుస్తకాల పేజీల మడతలు కూడా విడలేదు. గోడకు తాడు కట్టి, అట్ట బయటికి కనిపించేలా క్లిప్పులతో తగిలిస్తే పట్టే ఖర్చు ఎంత? ఐదేళ్ల పిల్ల చేతికి అందే ఎత్తులో కట్టాలి. చిరుగుతాయన్న భయం మాని ఇంటికి ఇవ్వాలి.

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన పోటీలు, సన్మానాలు ఏటా ఉండేవే. ఈసారి ఒక సాయంత్రం అమ్మానాన్నలను, తాతయ్య నాయనమ్మలను పిల్లలతో పాటు పిలిచి, ఆ ఏడాది వచ్చిన పుస్తకాలు బల్లల మీద పరిచి, నచ్చింది అక్కడే కూర్చుని చదువుకోనివ్వాలి. ఆ వారంలోనే మీ పత్రికలో మొదటి పరిచయం వస్తుందని ఆశిస్తున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, తెనాలి