నీ రెండు మార్కులు నీకు వచ్చేశాయిరా

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. తిట్టుకో, పడతాను. నేను బాగానే ఉన్నాను, నడుం నొప్పి తగ్గింది, గది మారాను, అన్నయ్య పెళ్ళి సంగతి ఇంకా తేలలేదు. ఇక అసలు విషయం. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నిన్న రాత్రి మిక్సీ పిండాన్ని చూశాను!

అవునురా, మన మిక్సీయే. వైవాలో నువ్వు మిక్సిన్ అనబోయి మిక్సీ అంటే నేను బల్ల కిందకి దూరాను చూడు, ఆ హాగ్‌ఫిష్, పాములా ఉండే దవడల్లేని సముద్రపు చేప. నిజానికి మా దగ్గరున్నది మిక్సిన్ అనే రకం కాదు, దాని దాయాది ఎప్టాట్రెటస్ బర్గెరై. నాకు మాత్రం అన్నీ మిక్సీలే. ముట్టుకుంటే బకెట్టు నీళ్ళని జిగురు చేసి పెడతాయి. నా చెప్పులు పోయిన కథ ఇంకోసారి.

దీని పిండం దొరకడం ఎంత గగనమో తెలుసా? 1899లో బాష్‌ఫర్డ్ డీన్ అనే అమెరికా జంతుశాస్త్రవేత్త కాలిఫోర్నియాలోని మాంటెరేలో దొరికిన పిండాల మీద రాశాడు. ఆ తర్వాత వందేళ్ళకు పైగా దాదాపు ఆ పాత సరుకుతోనే వాదించుకున్నారు. 2007లో జపాన్‌లోని కోబేలో ఓటా, కురటాని వాళ్ళు అక్వేరియంలో గుడ్లు పెట్టించి పిండాలు సాధించారు. ఎన్ననుకున్నావు? ఏడు. ఏడంటే ఏడు!

ఇక మా గుడ్లు. రెండు మూడు సెంటీమీటర్లుంటాయి, మందు క్యాప్సూల్ ఆకారం, తేనె రంగు, రెండు కొనలకీ చిన్న కొక్కేలు. పెంకు దళసరిగా ఉంటుంది, లోపల ఏం జరుగుతోందో బయటికి తెలియదు. నెలల తరబడి చూసి, విసుగొచ్చి, కొన్నిటిని ‘చచ్చినవి’ అని నేనే చీటీ అంటించి పక్కన పెట్టాను. నిన్న పారేసే ముందు, ఊరికే, చెయ్యి ఖాళీగా ఉండి, ఒకదాని పెంకు ఒలిచాను. చిమటాతో ఒక అంచు లేపి మెల్లగా... మైక్రోస్కోప్ కింద పచ్చసొన మీద ఒక సన్నటి గీత. ఏదో మరక అనుకున్నాను. ఫోకస్ తిప్పాను. ఒక కొసన తల! దాని వెనకే మొప్ప సంచులు వరసగా పూసల్లా. కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాను. చుట్టూ ఎవరూ లేరు, ఎవరికి చెప్పను? ‘ఒరేయ్ శీనూ’ అని పైకే అన్నాను, ఒట్టు.

వెంటనే భయం వేసింది. మరి ఆ చీటీ అంటించాక ఇప్పటిదాకా పారేసినవాటిలో ఎన్ని... వద్దులే.

ఇంత గొడవ ఎందుకంటావు. న్యూరల్ క్రెస్ట్ గుర్తుందా, పిండంలో మెదడు, వెన్నుపాము అయ్యే నాడీ నాళం అంచు నుంచి బయల్దేరి మొహం మృదులాస్థి, రంగు కణాలు, నాడులు అన్నీ చేసే దేశదిమ్మరి కణాలు? పాత స్లైడ్లలో హాగ్‌ఫిష్‌కి అవి సంచుల్లా కనబడ్డాయి. అందుకని ఇది మనకంటే వేరే తీరు అనుకున్నారు. 2007 నాటి తాజా పిండాల్లో చూస్తే సంచులూ లేవు, గించులూ లేవు. కణాలు ఒక్కొక్కటే విడివడి పోతున్నాయి, మనలో లాగే. పాతవి మందులో సరిగా నిలవ ఉండక ముడతలు పడ్డాయి, అంతే. ముడతని చూసి సిద్ధాంతం కట్టారు!

ఇప్పుడు నీ సంగతి. పరీక్షలో హాగ్‌ఫిష్‌కి వెన్నుపూసలున్నాయని రాస్తే, పుర్రె ఉంది గానీ వెన్నుపూస లేదని రెండు మార్కులు కోశారు కదా? అదే కోబే బృందం 2011లో దాని తోక భాగంలో, నోటోకార్డ్ (వీపు పొడుగునా ఉండే మెత్తటి కడ్డీ) కింద, వెన్నుపూసల్లాంటి చిన్న మృదులాస్థి ముక్కలు చూపించింది. అంటే మొదటి నుంచీ లేకపోవడం కాదు, ఉన్నది చాలావరకు పోగొట్టుకుంది! కొద్దిపాటి వెన్నుపూస ముక్కలున్న మరో దవడల్లేని చేప లాంప్రే దీనికి తోబుట్టువనీ, వీళ్ళిద్దరి వంశం దవడలున్న మన వంశం నుంచి సుమారు 50 కోట్ల ఏళ్ళ క్రితమే విడిపోయిందనీ కలిపి చూస్తే... దీని గురించి నాకో ఆలోచన ఉంది, ఇంకా సరిగా కుదరలేదు, నువ్వు నవ్వుతావు కూడా. నువ్వు తెలిసి రాయలేదని నాకు తెలుసు. పక్కవాడి పేపర్లో లాంప్రే జవాబు చూసి రాశావు. అయినా మార్కులు మార్కులే.

అయ్యో, అలారం మోగుతోంది. పిండానికి ఆల్కహాల్ మార్చాలి. ఆలస్యమైతే ముడతలు పడి నేను కూడా సంచులు కనిపెడతాను. ఉంటా.

నీ
బండోడు