పేరు చెప్పని దాతకు కృతజ్ఞతలు

మీరెవరో మాకు తెలియదు. పేరు బయటపెట్టవద్దని ట్రస్టు వాళ్ల దగ్గర మాట తీసుకున్నారట. అందుకే ఈ నాలుగు ముక్కలు అందరి ముందూ రాస్తున్నాను.

నేను ఫిలిప్పీన్స్‌లోని దవావోలో మెడిసిన్ చదువుతున్నాను. మా వీధి మలుపులో ఒక ఆంటీ బనానా క్యూ అమ్ముతుంది. అరటికాయలు పంచదారతో వేయించి పుల్లకు గుచ్చి ఇస్తుంది, చేతులకంతా పాకం జిగటే. మీరు చదివించింది ఆవిడ కూతురినే.

2017 చట్టం వచ్చాక ఫిలిప్పీన్స్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో డిగ్రీకి ట్యూషన్ ఫీజు లేదు. ఇంకేం కావాలి అంటారు చాలామంది. మరి జీప్నీ (ఇక్కడి షేర్ బండి) చార్జీలు, గది అద్దె, యూనిఫాం, ప్రాక్టీస్ టీచింగ్‌కి చార్టులు ఎవరిస్తారు? పేదింటి పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. మీరు నెలనెలా పంపింది ఆ ఖర్చులకే. పట్టా రాగానే చేతులు దులుపుకోకుండా, టీచర్ లైసెన్స్ పరీక్ష కోచింగ్‌కీ ఇచ్చారు. నా దృష్టిలో అసలు సాయం అదే.

అమ్మాయి పాసైంది. ఇప్పుడు సర్కారు బడిలో టీచర్, తమ్ముడి చదువు తనే చూసుకుంటోంది. ఆంటీని బండి మానేయమంటే మాత్రం కసురుతుంది!

ఆంటీ మీకు 'దాఘాంగ్ సలామత్' చెప్పమంది, అంటే ఇక్కడి భాషలో చాలా కృతజ్ఞతలు అని. నా తరఫున కూడా వేలవేల దండాలు.